కోరంగికి బురద చూడడానికి వెళ్దాం

(హైదరాబాదులోని ఒక కాలనీ గ్రంథాలయంలో, కోరంగి అభయారణ్యానికి బయలుదేరబోతున్న నడకమిత్రుల ముందు చేసిన ప్రసంగం. ఆ ఉదయం రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే, ఈ చలిలో, ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. నన్ను పిలిచిన మిత్రులు "మాస్టారూ, కోరంగిలో చూడదగ్గవి ఏమిటో ఒక గంట చెప్పండి" అన్నారు. గంట అక్కరలేదు, ఒక్క మాటలో చెప్పగలను. బురద. కోరంగిలో చూడదగ్గది బురద. మీరు నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు, నేను కూడా మొదటిసారి ఈ మాట విన్నప్పుడు నవ్వాను. మూడు వేల రూపాయలు ఖర్చు పెట్టుకుని, రాత్రంతా రైల్లో ప్రయాణం చేసి, బురద చూడడానికి వెళ్ళాలా, వర్షాకాలంలో మన కాలనీ రోడ్డు సరిపోదా అని మీరు అడగవచ్చు. సరిపోదు. ఎందుకు సరిపోదో చెప్పడానికే ఈ గంట తీసుకుంటాను.

ముందు ఆ ప్రదేశం ఎంత పెద్దదో ఒక అంచనా ఉండాలి. కోరంగి వన్యప్రాణి అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. ఇక్కడ చాలామంది రోజూ కె.బి.ఆర్. పార్కులో నడుస్తారు కదా, అలాంటి పార్కులు సుమారు నూట యాభై పక్కపక్కన పేర్చితే కోరంగి అవుతుంది. కాకినాడ నుంచి యానాం వైపు వెళ్ళే రోడ్డు మీద చొల్లంగి దాటిన తర్వాత కోరంగి వస్తుంది. గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే ముందు కోరంగి, గాడేరు అనే పాయలుగా చీలి, ఆ పాయలు మళ్ళీ వందలాది కాలువలుగా చీలి, ఆ కాలువల మధ్య ఉప్పునీటిలో, బురదలో బతికే మడ అడవి పెరిగింది. అందులో మనం కాలు పెట్టగలిగేది చాలా కొద్ది మేర మాత్రమే. అడవిలోకి వేసిన చెక్క వంతెన మీద నడవవచ్చు, పడవలో కాలువల వెంట కొంత దూరం వెళ్ళవచ్చు. మిగిలినదంతా చేపలది, పక్షులది, చేపలు పట్టి తినే బావురుపిల్లులది, నీటికుక్కలది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మొదటిసారి నేను కుటుంబంతో వెళ్ళాను. మధ్యాహ్నం పన్నెండున్నరకు చేరాము. వంతెన మీద ఆ చివరి దాకా నడిచాము, ఈ చివరికి వచ్చాము. అటూ ఇటూ ఆకులు, కింద నీళ్ళు. మా అబ్బాయి "నాన్నా, ఇంతేనా?" అన్నాడు. ఇంతే. నలభై నిమిషాలలో పని ముగించుకుని, కాకినాడ వెళ్ళి కాజాలు కొనుక్కుని, రాత్రి రైలెక్కాము. చాలా ఏళ్ళ పాటు ఎవరు అడిగినా "కోరంగిలో ఏమీ లేదండీ" అని చెప్పేవాడిని. ఎంతమంది ప్రయాణాలు మాన్పించానో లెక్క లేదు.

రెండోసారి ఒంటరిగా వెళ్ళాను, అది కూడా వేరే పని మీద. ఈసారి కూడా నీళ్ళు నిండుగానే ఉన్నాయి. నేను విసుగ్గా నిలబడితే, పడవ కట్టేస్తున్న ఒక పెద్దాయన నన్ను చూసి ఏమన్నారో ఆయన మాటల్లోనే చెబుతాను. "పోటు మీదొచ్చి ఏం చూత్తారండీ? పాటు మీద రండి. అప్పుడు అడివి కనపడుద్ది. ఇప్పుడు నీళ్ళే కనపడతాయండి." అంతే అన్నారు. నేను సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయాను. నీరు తీసింది. కింద నుంచి ఇంకొక అడవి బయటపడింది.

పోటు, పాటు. పుస్తకాలలో ఆటుపోట్లు అని చదువుకున్నాము. మనది సముద్రం లేని ఊరు కాబట్టి ఆ మాట మనకు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న, అంతకంటే ఏమీ కాదు. ఆ తీరంలో మాత్రం రోజు నడిచేది దాని మీదనే. రోజుకు రెండుసార్లు సముద్రం కాలువల్లోకి ఎక్కుతుంది, అది పోటు; రెండుసార్లు దిగుతుంది, అది పాటు. ఒక పోటుకూ మరుసటి పోటుకూ మధ్య పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు, కొంచెం అటూ ఇటూగా. అంటే ఈ రోజు ఉదయం ఎనిమిదింటికి నీరు నిండితే రేపు దాదాపు ఎనిమిదీ యాభైకి నిండుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది, అష్టమి ప్రాంతంలో ఆ తేడా తక్కువగా ఉంటుంది. కాబట్టి మన ప్రయాణం తేదీ సెలవులను బట్టి కాకుండా పంచాంగాన్ని బట్టి, బయలుదేరే సమయం పాటును బట్టి నిర్ణయించాలి. ఆ సమయాలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారా? మన ఊళ్ళోనే దొరుకుతాయి. సముద్రం మీద నిఘా వేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ ఎక్కడుందో మీలో ఎంతమందికి తెలుసు? ప్రగతినగర్‌లో ఉంది. 1999లో పెట్టారు. 2004 సునామీ తర్వాత, 2007 నుంచి దేశమంతటికీ సునామీ హెచ్చరికలు అక్కడి నుంచే వెళతాయి. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని సముద్రాన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్ళు మన పొరుగువాళ్ళే. వాళ్ళ వెబ్‌సైటులో కాకినాడ పోటుపాట్ల సమయాలు చూసుకుని బయలుదేరుదాం.

సరే, నీరు తీసింది. ఏం కనిపిస్తుంది?

మొదట వేళ్ళు కనిపిస్తాయి. మడ చెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టుగా, నిలువుగా, వేల సంఖ్యలో వేళ్ళు పైకి లేచి ఉంటాయి. ఏ చెట్టు వేరైనా కిందికి పోతుంది కదా, ఇవెందుకు పైకి వస్తాయి? ఆ బురద చాలా మెత్తన, చాలా సన్నన. అందులోకి గాలి పోదు. వేరుకు కూడా ఊపిరి కావాలి కాబట్టి చెట్టు వేరునే పైకి పంపి, పాటు ఉన్న ఆ నాలుగైదు గంటలలో గాలి పీల్చుకుంటుంది. వంతెన మీద వంగి చూస్తే ఒక కుళ్ళిన వాసన వస్తుంది, ముక్కు మూసుకోకండి. గాలి ఆడని మట్టిలో ఆకులు కుళ్ళినప్పుడు పుట్టే వాయువు వాసన అది.

తర్వాత కదలిక కనిపిస్తుంది. మొదటి అయిదు నిమిషాలు ఏమీ కనిపించదు, ఇది గుర్తుంచుకోండి. మన అడుగుల చప్పుడుకు అన్నీ బొరియల్లోకి పోయి ఉంటాయి. కదలకుండా నిలబడితే ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. వేలెడంత ఎండ్రకాయలు. మగదానికి ఒక చెయ్యి చిన్నది, రెండో చెయ్యి దాని ఒంటితో సమానంగా ఉంటుంది. ఆ పెద్ద చేతిని పైకెత్తి రమ్మని పిలిచినట్టు ఊపుతూనే ఉంటుంది, చిన్న చేత్తో బురద నోట్లో పెట్టుకుంటుంది. నేను గడియారం చూసుకుని ఒకే ఎండ్రకాయను ఇరవై నిమిషాలు గమనించాను. ఆ ఇరవై నిమిషాలలో దాని చెయ్యి ఊపు ఆగింది రెండే రెండుసార్లు, అది కూడా పైన కొంగ నీడ పడినప్పుడు. ఆ పక్కనే మడ్‌స్కిప్పర్ అనే చేప. చేపే, కానీ నీళ్ళలో లేదు. రెండు రెక్కలను మోచేతుల్లా ఆనించి బురద మీద పాకుతుంది, గెంతుతుంది, అప్పుడప్పుడు పక్కకు దొర్లి ఒళ్ళు తడి చేసుకుంటుంది. ఒళ్ళు తడిగా ఉన్నంతసేపూ చర్మంతోనే ఊపిరి తీసుకోగలదు. దాని కళ్ళు నెత్తి మీద రెండు బఠాణీ గింజల్లా ఉంటాయి. మీ వెంట పిల్లలు వస్తే ఇక్కడ ఒక గంట దాటుతుంది, తొందర పెట్టకండి.

ఇంకొక పని చేయండి. తెల్లమడ ఆకు ఒకటి, కోయకుండా, వేలితో పై భాగం తాకి ఆ వేలు నాలుక మీద పెట్టుకోండి. ఉప్పగా ఉంటుంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన తులసి మొక్కకు అది రెండు రోజులు పోస్తే చచ్చిపోతుంది. మడ చెట్టు ఆ నీటినే తాగి, అదనపు ఉప్పును ఆకుల మీదికి నెట్టేస్తుంది. ఎండ బాగా ఉన్న రోజున ఆకు మీద తెల్లని పలుకులు కంటికే కనిపిస్తాయి. ఉప్పుపొన్న పద్ధతి వేరు. అది ఉప్పును వేరు దగ్గరే చాలావరకు ఆపేస్తుంది. ఒకటి వచ్చిన చుట్టాన్ని వీధి గుమ్మంలోనే ఆపేసే రకం, రెండోది ఇంట్లోకి రానిచ్చి పెరటి గుమ్మం గుండా పంపించే రకం. అయితే ఆకులు తాకమన్నానని ప్రతి ఆకూ తాకకండి. తిల్ల అనే చెట్టు ఉంటుంది, రాలే ముందు దాని ఆకులు ఎర్రబడి చాలా అందంగా కనిపిస్తాయి. దాని పాలు కంట్లో పడితే కళ్ళు పోయేంత ప్రమాదం. ఏది తెల్లమడ, ఏది తిల్ల అన్నది అక్కడి గైడును అడిగి తెలుసుకున్న తర్వాతే వేలు పెట్టండి.

ఉప్పుపొన్న విత్తనం సంగతి కూడా చెప్పి ఈ భాగం ముగిస్తాను. అది చెట్టుకు ఉండగానే మొలకెత్తుతుంది. మునక్కాయలా పొడుగ్గా కిందికి వేలాడుతూ ఉంటుంది. నీరు తీసినప్పుడు రాలితే ఉన్న చోటే బురదలో గుచ్చుకుంటుంది, నిండినప్పుడు రాలితే తేలుతూ పోయి ఇంకెక్కడో పాతుకుంటుంది. విత్తనం కింద పడి, తడిసి, మొలకెత్తే లోపల పోటు వచ్చి ఊడ్చుకుపోతుంది కదా, అందుకని ఈ ఏర్పాటు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ బురద ఎక్కడిది? కాకినాడది కాదు. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు వచ్చింది. దారిలో దక్కను పీఠభూమి నల్లరాళ్ళను, నల్లరేగడిని అరగదీసి, మోసుకొచ్చి, అక్కడ దించింది. మనం ఎక్కబోయే రైలు పేరేమిటి? గౌతమి. నది పేరే రైలుకు పెట్టారు. మంజీర నీళ్ళు తాగి పెరిగిన ఊరు మనది. ఆ మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఎల్లంపల్లి నుంచి గొట్టాల్లో వచ్చే గోదావరి నీళ్ళు కూడా తాగుతున్నాము. అంటే ఆ నదిలో మనకూ వాటా ఉంది. నదికి అడ్డంగా కట్టిన ప్రతి ఆనకట్ట వెనుకా నీటితో పాటు ఒండ్రు కూడా ఆగిపోతుంది, డెల్టాకు చేరేది తగ్గిపోతుంది. ఒండ్రు తగ్గితే డెల్టా అంచును సముద్రం కోసుకుంటూ వస్తుంది. ఆనకట్టలు వద్దనడం లేదు, కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయకపోతే కోనసీమ అన్నం మనకు దొరికేది కాదు. పొద్దున కుళాయి తిప్పినప్పుడు వచ్చే నీటికి ఆ చివరన ఒక లెక్క ఉందని మాత్రం అంటున్నాను.

కార్యక్రమం కాగితంలో "చెరువులు" అని కూడా వేశారు. వాటి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ మాట దగ్గర మనమంతా పొరబడతాము. తెలంగాణలో చెరువు అనగానే కాకతీయులు, కట్ట, తూము, బతుకమ్మ, అంతా మంగళకరమైన మాట. తీరంలో ఈ రోజు చెరువు అంటే రొయ్యల చెరువు. రోడ్డుకు రెండు వైపులా పలకల్లా కనిపిస్తాయి, మధ్యలో నీటికి గాలి పట్టించే ఏరేటర్ల చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతుంటాయి. 1990లలో టైగర్ రొయ్య గిరాకీ పెరిగినప్పుడు తీరమంతా తవ్వేశారు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ మండలంలో సంప్రదాయ పద్ధతిలో కాకుండా సాగే రొయ్యల చెరువులు ఉండకూడదని తీర్పు చెప్పింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, లెక్కలు మళ్ళీ మారాయి. రొయ్య రైతును నేను తప్పు పట్టలేను. నిన్న రాత్రి మనలో ఎంతమంది బిర్యానీలో రొయ్యలు తినలేదు? చేతులెత్తక్కరలేదు.

చెరువుకూ మడకూ ఉన్న పేచీ నీటిదే. చెరువులో నీరు నిలవాలి, మడలో నీరు కదలాలి. దీనికి అక్కడే ఒక కథ ఉంది. ఒకప్పుడు ఈ అడవిని వంటచెరకు కోసం కూపుల లెక్కన, అంటే ముక్కలుగా విభజించి ఒక్కో ముక్కా, నరికేవారు. నరికిన చోట మట్టికి ఎండ తగిలి, తేమ ఆవిరై, నేల కుంగిపోయి పళ్ళెంలా గుంట పడింది. పోటు నీరు లోపలికి వచ్చింది, పాటుకు బయటికి పోలేకపోయింది. అక్కడే ఎండి, మళ్ళీ వచ్చి, మళ్ళీ ఎండి, ఉప్పు పేరుకుని మడ కూడా తట్టుకోలేని మడుగైంది. మొక్కలు ఎన్ని నాటినా బతకవు. 1990ల చివరలో అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్, చుట్టుపక్కల గ్రామాలవారు కలిసి ఒక పని చేశారు. మధ్యలో ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్లకాలువలు, పైనుంచి చూస్తే చేపముల్లులా తవ్వారు. నీరు వచ్చి పోవడం మొదలైంది. ఉప్పు కడుక్కుపోయింది, మొక్క నిలిచింది. పడవలో వెళ్ళినప్పుడు ఒక్కో కాలువ మరీ తిన్నగా, గీత గీసినట్టు కనిపిస్తే ఇది నది తవ్వినదా, మనిషి తవ్వినదా అని పడవవారిని అడగండి.

చరిత్ర గురించి ఎక్కువ చెప్పను, కానీ చెప్పకుండా ఉండలేను. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. ఇక్కడి నుంచి బర్మాకు ఎంతమంది వెళ్ళారంటే, రంగూనులో తెలుగువాళ్ళను "కొరంగీలు" అనే పిలిచేవారు. 1789 డిసెంబరులో తుపానుతో మూడు ఉప్పెన కెరటాలు వచ్చి ఊరిని ముంచేశాయి. 1839 నవంబరులో మళ్ళీ వచ్చింది. కలకత్తాలో ఉండే హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన కోరంగి ఉప్పెన గురించి రాశాడు. పాము చుట్టకు గ్రీకులో ఉన్న మాట నుంచి "సైక్లోన్" అనే పేరు పెట్టినవాడు కూడా ఆయనే. తుపాన్లు ఒకవైపు, మేట వేసే బురద ఇంకొకవైపు, రేవు పోయింది. రేవును మింగిన బురద మీదనే అడవి నిలిచి ఉంది.

చొల్లంగి అమావాస్య గురించి గోదావరి జిల్లాల వారికి చెప్పనక్కరలేదు. పుష్య బహుళ అమావాస్య నాడు చొల్లంగిలో సాగర సంగమ స్నానం చేసి, గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్లన్నీ తిరిగే సప్తసాగర యాత్ర అక్కడ మొదలుపెడతారు. రెండో మజిలీ కోరంగి. మన పెద్దలు అమావాస్యనే ఎందుకు ఎంచుకున్నారు? ఇది నా ఊహ మాత్రమే. ఆ రోజు పోటు బలంగా ఉంటుంది, సముద్రం నదిలోకి బాగా లోపలికి వస్తుంది. సంగమం అన్న మాట కంటికి కనిపించే రోజు అది.

పక్షుల కోసం వచ్చేవారు నిరాశ పడకండి. చలికాలంలో, పాటు వేళ, కాకినాడ వైపు బురద మేటల మీద వలస వచ్చిన ఉల్లంకి జాతి పక్షులు దిగుతాయి. అదృష్టం ఉంటే ఇండియన్ స్కిమ్మర్ కనిపిస్తుంది. దాని కింది ముక్కు పై ముక్కు కంటే పొడుగు, నోరు తెరిచి నీటిని కోస్తూ ఎగురుతుంది. వందల గూళ్ళు ఒకేసారి చూడాలంటే మాత్రం అది కోరంగి కాదు, నేలపట్టు. సూళ్ళూరుపేట దగ్గర, పులికాట్ పక్కన, చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. ఇంకో ఏడాది చూద్దాం. కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ దీవికి ఈసారి వెళ్ళడం లేదు. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక మీదికి ఇరవై మందిమి టార్చిలైట్లతో పోవడం నాకు ఇష్టం లేదు. నామీద కోపం వస్తే వచ్చింది.

చివరగా, తెచ్చుకోవలసినవి. పాత చెప్పులు, నిండు చేతుల చొక్కా, దోమల మందు, నీళ్ళ సీసా. ప్లాస్టిక్ పొట్లాలు వద్దు, కాలువలో పడిన పొట్లాం పోటుకు లోపలికి పోయి ఆ వేళ్ళలో చిక్కుకుంటే ఇక తీసేవారు ఉండరు. సెంటు పూసుకోవద్దు. పులిహోర తెచ్చే వాళ్ళు ముందే నాకు చెప్పండి.

వెనక నుంచి ఎవరో బావురుపిల్లి కనిపిస్తుందా అని అడిగారు. కనిపించదండీ. అది రాత్రి వేటాడే జంతువు, నేను ఇన్నిసార్లు వెళ్ళినా ఒక్కసారీ చూడలేదు. ఒకటి మాత్రం చూశాను. రాత్రి పోటు తీసిన తర్వాత, తెల్లవారుజామున, ఇంకా ఎవరూ రాని వేళ, కాలువ ఒడ్డున తడి బురద మీద పిల్లి అడుగులు వరసగా నీళ్ళలోకి దిగి ఉన్నాయి. పది అడుగుల అవతల మళ్ళీ పైకి ఎక్కి ఉన్నాయి. ఎక్కిన చోట, అడుగుల పక్కన, చేపను ఈడ్చిన గీత ఉంది. రెండు గంటల తర్వాత వెళ్ళి చూస్తే పోటు వచ్చి అన్నీ చెరిపేసింది. కాబట్టి మొదటి రోజు పొద్దున అయిదున్నరకే బయలుదేరాలి. ఎవరెవరు లేస్తారో ఇప్పుడే చేతులెత్తండి.